మా హోమ్‌లో చాలామంది పిల్లలకు తల్లులున్నారు, నేనేం చేయాలి?

కోనసీమలోని ఒక ఊరి నుంచి, పేరు వేయవద్దన్న మాటతో, ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఆమె భర్త ఒక స్వతంత్ర సంఘానికి పాస్టరు. మందిరం ఆవరణలోనే పిల్లల హోమ్ ఉంది. 1996 నవంబరు తుపానులో తల్లిదండ్రులను పోగొట్టుకున్న కొందరు పిల్లలను ఆమె మామగారు ఇంటికి తెచ్చుకుని పెంచడంతో అది మొదలైంది. గోదావరి డెల్టా మిషన్ సహవాసంలో పెరిగిన ఆ పెద్దాయనకు జార్జి ముల్లర్ అంటే ప్రాణం. ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా, ప్రార్థన మీదనే ఆధారపడి బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను సాకిన ముల్లర్ బాటలో నడవాలని ఆయన కోరిక. రెండేళ్ల క్రితం ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటి నుంచి హోమ్ భారం ఈమె మీద పడింది.

ఆడపిల్లలు, మగపిల్లలు కలిపి ఇప్పుడు అక్కడ 31 మంది ఉన్నారు. చేర్పుల పుస్తకం తిరగేస్తే చాలా పేర్ల పక్కన ‘తల్లిదండ్రులు లేరు’ అని ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో రాసి ఉంది. పిల్లలతో మాట్లాడితే వేరే సంగతి తెలిసింది. ఇద్దరినీ కోల్పోయినవాళ్లు నలుగురే. తక్కిన పిల్లల్లో కొందరికి తండ్రి పోయాడు, కొందరిని వదిలేసి వెళ్లాడు, కొందరి తల్లులు ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లారు. అనాథ అంటేనే విదేశీ దాతలు డబ్బు పంపుతారు కనుక అలా రాశారట. ఆ డబ్బు పట్టణంలోని ఒక పెద్ద సంస్థ ద్వారా వచ్చేది, 2020 తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు కానుకల మీద, కోతపండుగకు వచ్చే ధాన్యం మీద, కొబ్బరికాయల మీద నెట్టుకొస్తున్నారు. ఒకరిద్దరు దాతలు మాత్రం పాస్టరుగారి సొంత ఖాతాకు పంపుతూ, పిల్లల ఫొటోలూ వాళ్ల కథలూ ఫేస్‌బుక్‌లో పెట్టమని అడుగుతున్నారు. హోమ్‌కు సొసైటీ రిజిస్ట్రేషన్ తప్ప మరో కాగితం లేదు.

ఈలోగా కువైట్ నుంచి తిరిగివచ్చిన ఒక తల్లి తన కూతురినీ కొడుకునూ ఇచ్చేయమని అడిగింది. మూడేళ్ల వయసులో హోమ్‌కు వచ్చి ఇప్పుడు తొమ్మిదేళ్లవాడైన ఆ పిల్లవాడు, చాక్లెట్ల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూడగానే వంటావిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆమె వెనక్కి వెళ్లిపోయాడు. అది చూసిన సంఘపెద్దలు పిల్లలను పంపవద్దన్నారు. ఇప్పటికీ డబ్బు పంపుతున్న దాతల్లో ఒకరు పంపేది ఆ ఇద్దరి పేరు మీదే. మరోవైపు, ఆ నలుగురు అనాథల్లో ఒక అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, ఐదు నెలల్లో ఆమెకు పద్దెనిమిది నిండుతాయి. ఆమెకు నర్సింగ్ చదవాలని ఉంది. పెద్దలేమో సంఘంలోనే ఒక సంబంధం చూసి పెళ్లి చేసేస్తే బాధ్యత తీరిపోతుందంటున్నారు. ‘మూసేస్తే మామగారి విశ్వాసానికి ద్రోహం. నడిపితే అబద్ధంలో బతకాలి. అధికారుల దగ్గరకు వెళ్తే పిల్లలను పట్టుకుపోతారు, మా వారి మీద కేసు పెడతారు. మా వారు దేవుని పనికి గవర్నమెంటు కాగితం దేనికి అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు’ అని ఆమె ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నాలుగు వేర్వేరు సంగతులు ఒకే ముడిగా బిగుసుకుని ఉన్నాయి. పుస్తకంలోని అబద్ధం, అనుమతి లేని హోమ్, తిరిగివచ్చిన తల్లి, పెద్దదవుతున్న అమ్మాయి. వీటిలో చివరి రెండింటికీ గడువు ముంచుకొస్తోంది. మొదటి రెండింటికి కొంత వ్యవధి తీసుకోవచ్చు, కానీ పక్కన పెట్టేయడానికి లేదు.

ముందుగా ఆ పుస్తకం సంగతి. తండ్రి వదిలేసి, తల్లి పరదేశంలో ఉండి, ముసలి అమ్మమ్మ దగ్గర పూట గడవని పిల్లవాడికి మీ హోమ్‌లో దొరికిన అన్నమూ చదువూ పడకా అబద్ధం కావు. ఆ అవసరం నిజం. దాని పక్కన రాసిన మాట ఒక్కటే అబద్ధం. ఈ రెంటినీ విడిగా చూడకపోతే, చేసిన మేలంతా బూటకమని మీరు కుంగిపోతారు, మేలు జరిగింది కదా అని మీ పెద్దలు ఆ అబద్ధాన్ని సమర్థించుకుంటారు. ఆ రాతవల్ల దాత కంటే ముందు నష్టపోయింది పిల్లవాడే. తల్లి లేదని కాగితం మీద రాసుకున్నాక ఆమె ఫోన్ నంబరు ఎవరూ రాసిపెట్టుకోరు, పండగ సెలవులకు పిల్లవాణ్ణి ఎవరూ ఇంటికి పంపరు, ఆరేళ్ల తర్వాత ఆమె వచ్చి నిలబడితే పరాయి మనిషిని చూసినట్టు చూస్తారు. పాత పుస్తకాన్ని చించకండి, దిద్దకండి. అలా చేస్తే సాక్ష్యాన్ని చెరిపినట్టవుతుంది. వేరే పుస్తకం తీసి ఒక్కొక్క బిడ్డకు రెండేసి పేజీలు కేటాయించి, తల్లి, తండ్రి, అమ్మమ్మ, మేనమామ, ఊరు, ఫోన్ నంబరు, ఎప్పుడు ఎవరు తీసుకొచ్చి చేర్చారు, చివరిసారి ఇంటివాళ్లను చూసింది ఎప్పుడు అన్నవి తెలిసినంతవరకు నింపండి. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ పుస్తకం లేకుండా ముందుకు నడవలేరు.

మామగారి విశ్వాసం గురించి మీరు పడుతున్న బాధను నేను తేలిగ్గా తీసుకోను. ముల్లర్‌కూ మన డెల్టాకూ ఉన్న బంధం చాలా పాతది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేసిన బౌడెన్, బీర్ కుటుంబాలను వెంటబెట్టుకు వచ్చినవాడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ. ఆయన చెల్లెలే ముల్లర్ భార్య. ముల్లర్ తన తొలి అనాథ గృహాన్ని తెరిచిందీ ఆ 1836లోనే. మీ మామగారు అంత అభిమానించిన ఆ మనిషి పద్ధతిని పూర్తిగా చూడండి. ఆయన తల్లీ తండ్రీ ఇద్దరూ మరణించిన పిల్లలనే చేర్చుకునేవాడు. ఒక్కొక్క బిడ్డ వివరాలు పుస్తకాల్లో రాయించేవాడు. వచ్చిన ప్రతి కానుకకూ లెక్క చెబుతూ ఏటా నివేదిక అచ్చు వేయించేవాడు. ఎదిగిన ఆడపిల్లలకు పని నేర్పించి, ఒక చోట కుదిర్చి మరీ పంపేవారు. పిల్లలు పెద్ద భవనాల్లో గుంపుగా కాక ఇంటిలాంటి చోట పెరగాలన్న ఆలోచన వచ్చాక, ఆయన వారసులు 1958లో బ్రిస్టల్‌లోని యాష్లీ డౌన్‌లో ముల్లర్ కట్టించిన అయిదు పెద్ద భవనాలనూ అమ్మేసి పిల్లలను చిన్న చిన్న ఇళ్లకు మార్చారు. దాతల ముందు ఏమీ దాచకపోవడం కూడా ఆ విశ్వాసంలో భాగమే. కనుక మీరు నిజం రాయాలనుకోవడం, అవసరమైతే హోమ్ రూపం మార్చాలనుకోవడం మీ మామగారి దారి నుంచి తప్పిపోవడం కాదు. మీ వారితో మాట్లాడేటప్పుడు చట్టం కంటే ముందు ఈ సంగతి ఎత్తండి. ఆయనకు ఇది బాగా చేరుతుందని నా నమ్మకం.

ఇక చట్టం. 2015 బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. దాని 41వ సెక్షన్ ప్రకారం, రక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా, ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి తీసుకోకపోయినా, ఆ చట్టం కింద నమోదు కావాలి. సొసైటీ రిజిస్ట్రేషన్ దీనికి సరిపోదు. దేశంలోని ఇలాంటి సంస్థలన్నిటి నమోదూ 2017 ముగిసేలోగా పూర్తి కావాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది మే నెలలో ఆదేశించింది. నమోదు లేకుండా నడిపితే నిర్వాహకులకు ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పిల్లవాణ్ణి సంస్థలో ఉంచాలా వద్దా అన్నది నిర్ణయించేది జిల్లా బాలల సంక్షేమ కమిటీ. పాస్టరుగానీ సంఘపెద్దలుగానీ కాదు. ఇది మతాన్ని బట్టి పెట్టిన నిబంధన కాదు, మఠానికైనా మసీదుకైనా ఇదే వర్తిస్తుంది. మీ వారి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. ఆ కాగితం దేవుని పనికి అనుమతి కాదు. రేపు మీ తర్వాత ఎవరు నడిపినా, రాత్రివేళ ఆ గదుల్లో ఏం జరుగుతోందో బయటివాళ్లు వచ్చి చూడగలగాలని పిల్లల తరఫున పెట్టిన కాపలా అది.

మీ ముందు మూడు దారులున్నాయి. నోరు మెదపకుండా ఇలాగే నడపడం ఒకటి. కొన్నాళ్లు గడుస్తాయి. ఒక ఫిర్యాదు చాలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ చాలు, అధికారులు వస్తారు. అప్పుడు పిల్లలను ఒక్కరోజులో, వాళ్లకు ఏమీ వివరించే వ్యవధి లేకుండా తరలిస్తారు. మీరు భయపడుతున్నది సరిగ్గా ఈ దారిలోనే ఉంది. ఈ దారిలో వెళ్లవద్దని గట్టిగానే చెబుతాను.

రెండోది, నమోదుకు దరఖాస్తు చేసి హోమ్‌గానే నడపడం. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు, ముందు ఆరు నెలలకు మించని తాత్కాలిక నమోదు, అన్నీ సరిగా ఉంటే ఐదేళ్ల నమోదు ఇస్తారు. అయితే పదేళ్లు దాటిన ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఒకే హోమ్‌లో ఉంచనివ్వరు, ఎవరో ఒకరిని ఎంచుకోవాలి. ప్రతి బిడ్డనూ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి, సిబ్బందికి పోలీసు విచారణ ఉండాలి, ఆరోగ్య రికార్డులు, ఒక్కో బిడ్డకు ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక ఉండాలి. కానుకల మీద నడుస్తున్న మీకు ఈ ఖర్చు మోయగలమా అన్నది నిజాయతీగా లెక్క వేసుకోవాలి.

మూడోది, తల్లులున్న పిల్లలను నిదానంగా ఇళ్లకు చేరుస్తూ, సంఘం తన సేవను ఆ ఇళ్ల దగ్గరకు తీసుకెళ్లడం. సాయంత్రం చదువు, రాత్రి భోజనం, ఫీజులు, తల్లికి ఏదైనా పని. ఆ నలుగురు అనాథలకు మాత్రం కమిటీ ద్వారానే బంధువుల ఇల్లో, నమోదైన మరో హోమో కుదరాలి. జాలిపడి సంఘంలోని పిల్లల్లేని దంపతుల చేతుల్లో మీరే పెట్టేయకండి. చట్టం చెప్పిన పద్ధతి తప్పి దత్తత ఇవ్వడం నేరం. ఈ మూడో దారిలో నెలల తరబడి తిరగాలి, కొన్ని ఇళ్లు పిల్లలకు తగినవిగా ఉండకపోవచ్చు, మందిరం పక్కన 31 మంది పిల్లల సందడి ఉండదు. ఆ వెలితి మీకు మామూలు బాధ కాదు. అయినా నాకు ఇదే మేలైన దారిగా కనిపిస్తోంది, ఎందుకంటే మీ దగ్గరున్న పిల్లల్లో ఎక్కువమందికి లేనిది తల్లి కాదు, తల్లికి ఆసరా. రెండు, మూడు దారులను కొంతవరకు కలుపుకోవచ్చు కూడా. ఏదైనా సరే, బాలల చట్టం తెలిసిన ఒక న్యాయవాదిని ముందు కలిసి, ఆ తర్వాత మీ అంతట మీరే అమలాపురంలోని జిల్లా కార్యాలయానికి వెళ్లండి. కొందరు పిల్లలను వాళ్లు వేరే చోటికి మార్చవచ్చు. మార్చరని మాట ఇవ్వలేను. తనంతట తాను వచ్చి నిజం చెప్పినవారి మీద కేసే ఉండదనీ చెప్పలేను. కానీ పట్టుబడినప్పటికంటే అప్పుడు మీ మాటకు, పిల్లలకు మీరు కోరే వ్యవధికి విలువ ఉంటుంది.

ఆ తల్లి విషయానికి వస్తాను. పిల్లవాడు వంటావిడ వెనక దాక్కోవడం తల్లిని వద్దనుకోవడం కాదు. మూడేళ్లప్పుడు విడిచిన ముఖం వాడికి ఎలా గుర్తుంటుంది? వాడికి తెలిసిన అమ్మ ఆ వంటావిడే. దాన్ని సాక్ష్యంగా తీసుకుని తీర్పు చెప్పిన పెద్దలు పొరబడ్డారు. ఆ పిల్లలను మీ దగ్గర ఉంచమని కమిటీ ఉత్తర్వు ఏదీ లేదు కనుక, ఇవ్వనని చెప్పే అధికారం హోమ్‌కు లేదు. ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్లకుండా మళ్లీ మీ గుమ్మానికే వచ్చిందంటే, మీ మీద ఇంకా గౌరవం ఉన్నట్టే. ఆ దాత డబ్బు ఆగిపోతుందన్న ఆలోచన పెద్దల మనసులో ఏ మూలనైనా ఉంటే, దాన్ని వాళ్ల ముందు మీరే పేరు పెట్టి అడగండి. నొచ్చుకుంటారు, అయినా అడగాలి.

అలాగని మర్నాడే సంచి సర్ది పంపేయమని కాదు. కొన్ని ఆదివారాలు ఆమెను ఆరాధన వేళకు కాకుండా, మధ్యాహ్నం పూట పిల్లలతో కూర్చునేలా రమ్మనండి. అన్నం ఆమె చేతే పెట్టించండి. వంటావిడ పక్కనే ఉండి పిల్లవాణ్ణి ఆమె దగ్గరకు పంపితే, మీరు చెప్పే మాటలకంటే అదే ఎక్కువ పని చేస్తుంది. కూతురికి తల్లి గుర్తుండే ఉంటుంది. ఆ అమ్మాయితో విడిగా మాట్లాడండి, కోపం ఉంటే దాన్ని బయటికి రానివ్వండి. తర్వాత రెండు రోజులు ఇంటికి, ఆపైన పండగ సెలవులకు, ఆ తర్వాత పూర్తిగా. ఈ వ్యవధిలో తెలుసుకోవలసినవి తెలుసుకోండి. ఎక్కడ ఉంటుంది, ఇంట్లో ఇంకెవరున్నారు, ఏజెంటు దగ్గర చేసిన అప్పు తీరిందా, ఏడాది తిరక్కుండా మళ్లీ వీసా మీద వెళ్లే ఆలోచన ఉందా, వెళితే పిల్లలెవరి దగ్గర? నిలదీసినట్టు కాకుండా, ఇంటి ఆడపడుచును అడిగినట్టు అడగండి. పిల్లలకు ప్రమాదం ఉందని నిజంగా తోస్తే కమిటీకి చెప్పండి. విచారణ చేసి నిర్ణయించవలసింది వాళ్లు.

ఆమెకు ఆసరా కూడా చూపించాలి. భర్త పోయిన స్త్రీకి రాష్ట్రంలో నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. బడికి వెళ్లే పిల్లల పేరు మీద తల్లికి వందనం పథకం ఉంది. కేంద్ర ప్రభుత్వ పథకమైన మిషన్ వాత్సల్య కింద, వితంతువులు, భర్త వదిలేసిన తల్లుల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇస్తారు. దీనికి ఆదాయ పరిమితి ఉంది, మంజూరుకు నెలలు పట్టవచ్చు, కనుక ఆ మధ్యకాలంలో ఇంటికి బియ్యం, పిల్లలకు పుస్తకాలు సంఘం చూసుకోవాలి. ఆ దాతకు ఉన్న సంగతి ఉన్నట్టు రాయండి.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను. బడి రికార్డుల్లో పిల్లల మతం, కులం గడుల్లో ఏం రాశారో చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బీసీ-సీలో చేర్చారు. తల్లి క్రైస్తవురాలు కాకుండా, ఆమెకు తెలియకుండా ఇక్కడ క్రైస్తవుడని రాసి ఉంటే, రేపు సర్టిఫికెట్ దగ్గర ఆ పిల్లవాడు ఇబ్బంది పడతాడు. బాప్తిస్మం సంగతి కూడా అంతే. తల్లి బతికి ఉండగా ఆమెను అడగకుండా, బిడ్డకు ఊహ తెలియకుండా ఆ నిర్ణయం ఎవరూ తీసుకోకూడదు.

డబ్బు, ఫొటోల గురించి క్లుప్తంగా. పట్టణంలోని సంస్థ నుంచి డబ్బు ఆగడానికి కారణం 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణ. విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడాన్ని అది నిషేధించింది. ఆ చట్టం కింద నమోదుగానీ ముందస్తు అనుమతిగానీ లేకుండా పాస్టరుగారి ఖాతాలోకి హోమ్ పేరుతో ఆ సొమ్ము తీసుకోవడం నేరం, వెంటనే ఆపించండి. పిల్లల ఫొటోలూ పేర్లూ కథలూ బయట పెట్టకండి. బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ఇలాంటి పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని శిక్షించదగ్గ నేరంగా చూస్తుంది. చట్టం అలా ఉంచి, తన తల్లి తనను వదిలేసిందన్న కథ తన ఫొటో కింద ఉండటం పదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు చూడకూడదు.

చివరగా ఆ అమ్మాయి. పద్దెనిమిది నిండితే పెళ్లి చట్టప్రకారం తప్పు కాదు. కానీ నర్సింగ్ చదువుతానన్న పిల్లకు పెళ్లి చేసి బాధ్యత తీర్చుకుంటే తేలికపడేది పెద్దల మనసు. ఆ సంసారం అచ్చిరాకపోతే ఆమె ఎక్కడికి వెళ్తుంది? పుట్టిల్లు లేదు, చేతిలో పని లేదు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ల కోర్సు. అది పూర్తయితే ఆసుపత్రుల్లో పని దొరికే వీలుంటుంది, ఆ తర్వాత పెళ్లి ఆమె తన ఇష్టం మీద చేసుకుంటుంది. సంబంధం చూడటం తప్పని అనను, ఆమెకు ఆ అబ్బాయి నచ్చి ఆమే కావాలంటే అది వేరు. అడిగే పద్ధతిలో అడగండి, పెద్దలందరి ముందు కాకుండా మీరిద్దరే ఉన్నప్పుడు.

సంస్థల్లో పెరిగి పద్దెనిమిది నిండినవారికి 21 ఏళ్ల వరకు, అవసరమైతే 23 వరకు చదువుకూ శిక్షణకూ ఆసరా ఇచ్చే ఏర్పాటు, అంటే ఆఫ్టర్‌కేర్, చట్టంలో ఉంది. మిషన్ వాత్సల్య కింద దానికీ నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. మీ హోమ్ నమోదు కాలేదు, ఆమె పేరు కమిటీ దగ్గర లేదు. కాబట్టి ఇప్పటికైతే ప్రభుత్వం దృష్టిలో ఆమె హోమ్‌లో పెరగనే లేదు. పద్దెనిమిది నిండకముందే ఆమెను కమిటీ ముందు హాజరుపరిస్తే ఆ సహాయం అడగడానికి దారి ఉంటుంది, నిండాక ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. హోమ్ విషయంలో మీ ఇంట్లో చర్చ ఎన్నాళ్లు సాగినా, ఈ ఒక్క పని దానికోసం ఆగకూడదు. పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం, లేకపోతే ఆలస్య జనన నమోదుకు దరఖాస్తు, ఆమె పేరు మీదే ఒక బ్యాంకు ఖాతా, తల్లిదండ్రుల గురించి పాత పుస్తకంలో ఉన్న వివరాల నకలు ఈ నెలలోనే సిద్ధం చేయండి. వాటిని ఆమె చేతికే ఇచ్చి, ఆమెను వెంటబెట్టుకుని, వీలైతే మీ వారిని కూడా తీసుకుని, వచ్చే నెల మొదటి వారంలో కమిటీ కూర్చునే రోజు కనుక్కుని వెళ్లండి.